కుళాయిలో గిటారు

పెదగొర్లాం మునిసిపాలిటీలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. కుళాయి రాని రోజున జనం వస్తారు. బిందెలతో వచ్చి, వాటిని ఆఫీసు మెట్ల మీద బోర్లించి, నోటికొచ్చిన మాటలన్నీ అంటారు. పైవాళ్ళు ఈ విషయం మీద చాలాకాలం ఆలోచించారు. నీళ్ళ విషయం మీద కాదు, జనం అనే మాటల మీద. ఆలోచించగా ఆలోచించగా తేలింది ఏమిటంటే, జనానికి కోపం నీళ్ళు లేక రావడం లేదు, సిబ్బందిలో సంగీతం లేక వస్తోంది.

అందుకని శ్రావ్య నగరం అనే పథకం పుట్టింది. పురపాలక సిబ్బంది అందరూ, ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి సంతకం పెట్టేవాళ్ళ దాకా, గిటారు నేర్చుకోవాలి. నేర్చుకుని పురపాలక దినోత్సవం నాడు పౌరుల ముందు వాయించాలి. గిటారే ఎందుకన్నదానికి కారణాలు ఉత్తర్వులోనే రాశారు. వీణయితే కింద కూర్చోవాలి, యూనిఫారం మాసిపోతుంది. సన్నాయి అయితే నోరు ఖాళీ ఉండదు, ఫిర్యాదుదారుకు జవాబు చెప్పడం కుదరదు. డప్పయితే సిబ్బందిలో సగం మందికి ముందే వచ్చు. వచ్చినదాన్ని నేర్పడానికి నిధులు మంజూరు కావు.

ఉత్తర్వు చదివిన రోజున హాల్లో వెనక వరసలో, ఇనప తాళం ఒళ్ళో పెట్టుకుని సూరిదేముడు కూర్చున్నాడు. ఆయన వాల్వు మనిషి. తాళం అంటే బీరువా తాళం కాదు. నిలువెత్తు ఇనప కడ్డీ, పైన పట్టుకోవడానికి అడ్డపట్టీ. రోడ్డు మధ్య గోతిలో వాల్వు ఉంటుంది, పైన మూత ఉంటుంది. మూత ఎత్తి కడ్డీ దించి తిప్పితే ఒక వీధికి నీళ్ళు వెళ్తాయి, ఇంకో వీధికి ఆగిపోతాయి. తల నెరిసేదాకా ఆయన చేసింది ఇదే. మాటలు తక్కువ మనిషి. వాల్వు తిప్పే ముందు "వొదుల్తన్నాను" అంటాడు, తిప్పాక "వొదిలీసినాను" అంటాడు. తక్కిన మాటలన్నీ ఇంట్లో ఆయన భార్య నూకరత్నం చూసుకుంటుంది.

కమిషనరు త్రివిక్రమం గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"సంగీతం కేవలం ఒక కళ కాదు. అది ఒక మౌలిక సదుపాయం. రోడ్డు, డ్రైనేజీ, వీధి దీపం, వాటి సరసన ఇకమీదట గిటారును కూడా పౌరుడి హక్కుగా మనం పరిగణించాలి. ఇందులో వెనకబడిన సిబ్బందిని శిక్షించే ఉద్దేశం మనకు ఎంతమాత్రం లేదు. వారిని కొండ మీది పంపుహౌసుకు పంపి, ఏకాంతంగా సాధన చేసుకునే సదవకాశం కల్పిస్తాం."

కొండ మీది పంపుహౌసుకు బస్సు లేదు. వెళ్ళినవాడు వారానికోసారి కిందికి దిగితే అదృష్టం. అక్కడ ఉండి వచ్చిన ఒకాయన ఇప్పటికీ మోటారు శబ్దం లేకపోతే నిద్రపోలేడు.

సాయంత్రం సూరిదేముడు ఇంటికొచ్చేసరికి నూకరత్నం గుమ్మంలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది.

"ఏటి మావా, మొకం అలగెట్టినావు?"

"గిటారు."

"గిటారేటి?"

"నేర్సుకోవాల."

నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. తర్వాత చేట పక్కన పెట్టి నవ్వడం మొదలెట్టింది. "ఓలమ్మో! ఎద్దుని అదిలించడానికి ఈల కూడా రాదు నీకు. గిటారంట!" అని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నవ్వు ఆపింది.

"మావా, నానెప్పుడూ నిన్ను ఏటీ అడగనేదు."

ఇది నిజం కాదు.

"ఇన్నేళ్ళూ నీ మాటలు, నా మాటలు, రెండూ నానే మాటాడినాను. నా నోరు పడిపోనాది. ఒక్క పాట నేర్సుకో. నలుగురి ముందర కొట్టు. నువ్వు కొడతావుంటే నాను నోరు మూసుకుని కూకుంటాను. ఒక్కపాలి."

సూరిదేముడు తలూపాడు. ఆవిడ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. బియ్యం ఏరేటప్పుడు ఆవిడ నోట్లో ఒక కూనిరాగం ఆడుతుంది. మాటలు లేవు, ఎవరు కట్టిందో తెలీదు. రాగం పైకి వెళ్తుంది, వెళ్ళి అక్కడ ఆగుతుంది. ఆవిడ రాయి తీసి గుమ్మం బయటికి విసురుతుంది. మళ్ళీ ఎత్తుకుంటుంది. ఏళ్ళ తరబడి ఏరీ ఏరీ, ఇప్పుడు బియ్యంలో రాయి లేకపోయినా రాగం అక్కడ ఆగుతుంది.

మర్నాటికల్లా వీధిలో ఆడవాళ్ళందరికీ తెలిసింది, సూరిదేముడు స్టేజీ ఎక్కుతున్నాడని. ముందు వరసలో వాళ్ళందరికీ చోటు పట్టే పూచీ నూకరత్నం తీసుకుంది. పక్కింటి చిలకమ్మ మాత్రం, "సూద్దుం గదా, మీ ఆయన్ని! ముందు నోరు ఇప్పమను," అంది. నూకరత్నం ఆ మాట మనసులో పెట్టుకుంది.

గిటార్లు లారీలో వచ్చాయి. నేర్పడానికి మోజెస్ మాస్టారిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఆయన ఆదివారాలు ప్రార్థన మందిరంలో గిటారు వాయిస్తాడు, తక్కిన రోజులు సైకిళ్ళు బాగుచేస్తాడు. మాస్టారు ఒక పెట్టె విప్పాడు. ఇంకోటి విప్పాడు. స్టోర్సు గుమాస్తా కామేశం వైపు తిరిగాడు.

"తీగలేవండీ?"

"తీగలు వేరే."

"వేరే అంటే?"

"గిటారు స్థిరవస్తువు. తీగ అరుగుదల వస్తువు. రెండూ ఒకే ఖాతాలో కొంటే ఆడిటు వాళ్ళు నన్ను ఆ తీగ మీదే ఆరేస్తారు."

"చెప్పులు కొంటే వార్లు వేరే కొంటారేటండీ?"

"చెప్పులు ఇంకా మన జాబితాలోకి రాలేదు. వచ్చినప్పుడు చూద్దాం."

తీగల కోసం ఫైలు బయల్దేరింది. ఉక్కు తీగ కాబట్టి మొదట విద్యుత్ విభాగానికి వెళ్ళింది. 'కరెంటు లేని తీగ మా పరిధిలోనిది కాదు. కరెంటు ఉన్నచో వాయించరాదు' అని రాసి తిప్పి పంపారు. అయితే నైలాను తీగ కొందామని ఆరోగ్య విభాగానికి పంపారు. పలచటి ప్లాస్టిక్కును ఊళ్ళో నిషేధించింది వాళ్ళే. 'మందం చాలదు. మోకు తాడంత మందంలో లభించినచో అభ్యంతరం లేదు' అని వాళ్ళు రాశారు. ఫైలు కమిషనరు గారి బల్ల మీదికి తిరిగొచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, కింద ఒక్క వాక్యం రాశారు. 'తీగలు వచ్చులోగా గిటారు వాదనములో శిక్షణ పూర్తి చేయవలెను.'

మోజెస్ మాస్టారు కమిషనరు గారి గదికి వెళ్ళాడు. "సార్, తీగలు లేకుండా ఎలా వాయిస్తారండీ?"

"మిమ్మల్ని దేనికి నియమించాం?"

"గిటారు నేర్పడానికండి."

"గిటార్లు ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"మరి? తీగలు నేర్పమని మిమ్మల్ని ఎవరూ అడగలేదే!"

మాస్టారు బయటికొచ్చి సుద్దముక్క కొనుక్కున్నాడు. గిటారు మెడ మీద తీగలు ఉండాల్సిన చోట గీతలు గీశాడు. మీటింగు హాల్లో అందరినీ కూర్చోబెట్టి, ఎడమ చేతి వేళ్ళు ఎక్కడ పెట్టాలో, కుడి చేత్తో ఎలా మీటాలో చూపించాడు. మీటినప్పుడల్లా "ఠింగ్" అని నోటితో అనేవాడు. కొన్నాళ్ళకి ఆ ఠింగు మీద కూడా అభ్యంతరం వచ్చింది. కాంట్రాక్టులో వాద్యం ఉంది కానీ గాత్రం లేదు. ఆ తర్వాత నుంచి మాస్టారు చెయ్యి ఊపి ఊరుకునేవాడు.

సూరిదేముడు గిటారు ఇంటికి తెచ్చాడు. నూకరత్నం తలుపు వేసి, చీర కొంగు సర్దుకుని, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"కానీ."

ఆయన నేర్చుకున్నదంతా వాయించాడు. వేళ్ళు సుద్ద గీతల మీద నడిచాయి. కుడి చెయ్యి పైకీ కిందికీ ఆడింది. బయట కోడి ఒకటి కూసింది. చెయ్యి ఆగింది.

"అయిపోనాదేటి?"

"ఆఁ."

నూకరత్నం లేచి పీట గోడకి ఆనించింది. "బాగుంది. అచ్చం నీలాగే ఉంది," అంది.

ఆవిడ అంతకు మించి ఏమీ అనలేదు. అనకపోవడమే సూరిదేముడికి గుచ్చుకుంది. ఆ రాత్రి ఆవిడ చేట పట్టుకుంటే ఆయన దగ్గరగా జరిగి కూర్చున్నాడు. రాగం పైకి వెళ్ళింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. ఆయన వేళ్ళు మోకాలి మీద దాన్ని వెతికాయి.

ఇంతలో ప్రాంతీయ సంచాలకులు తనిఖీకి వచ్చారు. ఆయన అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళు చూసి వచ్చారు. ఆ ఊళ్ళలో గిటార్లు తీగలతో సహా వచ్చాయి. అక్కడి పారిశుధ్య విభాగమూ పన్నుల విభాగమూ కలిసి వాయిస్తుంటే విన్నారు. ఆ దెబ్బకి ఆయన చెవుల్లో దూది పెట్టుకుని మరీ పెదగొర్లాంలో దిగారు.

హాల్లో సిబ్బంది వరసలుగా కూర్చున్నారు. కమిషనరు గారు చెయ్యి ఎత్తారు. అందరి చేతులూ ఒక్కసారి కదిలాయి. సంచాలకులు కాసేపు బిగుసుకుని కూర్చున్నారు. తర్వాత మెల్లగా ఒక చెవిలో దూది తీశారు. రెండో చెవిలోది కూడా తీశారు. కళ్ళు మూసుకున్నారు. ఫ్యాను తిరుగుతోంది. ఆయన కళ్ళు తెరిచేసరికి కళ్ళనిండా నీళ్ళు.

"త్రివిక్రమం గారూ! ఒక్క అపస్వరం, ఒక్కటంటే ఒక్కటి లేదు!"

"క్రమశిక్షణ సార్," అన్నారు కమిషనరు గారు వినయంగా.

"ఒకరు ముందూ ఒకరు వెనకా అన్న మాటే లేదు. రాష్ట్రంలో ఎక్కడా ఈ స్థాయి చూడలేదు. దీన్ని ఒక నమూనాగా రూపొందించి మిగతా పట్టణాలకు విస్తరింపజేయాలి."

అక్కడికక్కడే పరీక్ష పెట్టారు. కూర్చునే తీరుకు కొన్ని మార్కులు, వేళ్ళ పొందికకు కొన్ని, ముఖ కవళికలకు కొన్ని, పొరుగువాడితో సమన్వయానికి కొన్ని. సూరిదేముడు ప్రథముడిగా నిలిచాడు. మొహంలో ఏమీ కనబడనివ్వని మనిషి ఆయనొక్కడే. దినోత్సవం నాడు వేదిక మీద మొదటి వరసలో, నడిమి కుర్చీ ఆయనకి ఖరారైంది. పక్క ఊళ్ళలో తీగలు విప్పించమని ఉత్తర్వు వెళ్ళింది. పెదగొర్లాంలో ఇంకో ఉత్తర్వు గోడకెక్కింది. 'గిటారుకు తీగ బిగించిన వారు సంగీతానికి విఘాతం కలిగించిన వారుగా పరిగణింపబడి, కొండ మీది పంపుహౌసుకు పంపబడుదురు.'

ఆ సాయంత్రం సూరిదేముడు సైకిలు కొట్టుకి వెళ్ళి మోజెస్ మాస్టారి ఎదురుగా నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. మాస్టారు ట్యూబుకి పంచరు వేసి, గాలి కొట్టి, చక్రం తిప్పి చూసి, అప్పుడు తలెత్తాడు.

"ఏమిటండీ?"

"మేస్టారూ, నాకు నిజింగా కావాల."

మాస్టారికి అర్థమైంది. లోపలికి వెళ్ళి ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో చుట్టలు చుట్టిన తీగలున్నాయి, ఆయన గిటారువే, మార్చి పక్కన పెట్టినవి. "కాస్త తుప్పు పట్టాయి. పలుకుతాయిలెండి. కానీ ఎక్కడ వాయిస్తారు? ఇంట్లో మీటితే మూడో ఇంటికి వినబడుతుంది. గోడ మీద ఉత్తర్వు చూశారుగా?"

"నాకాడ ఒక సోటుంది," అన్నాడు సూరిదేముడు.

పాత సంత కూడలిలో ఊరికంతకీ పెద్ద వాల్వు గొయ్యి ఉంది. మనిషి దిగితే తల మునుగుతుంది. మెట్లకి ఇనప కమ్మీలున్నాయి. మధ్యాహ్నం పూట పైపుల్లో నీళ్ళుండవు, అటు ఎవరూ రారు. మూత కాస్త ఓరగా ఉంచితే వెలుతురు సన్నగా పడుతుంది. ఒక మూల పైపులోని గాలి పోవడానికి పెట్టిన గొట్టం ఉంది, దాని బిరడా ఎప్పుడో ఊడిపోయింది. ఇంజనీరింగు వాళ్ళు వచ్చి, బాగుచేస్తామని ఎర్ర రంగుతో గుర్తు పెట్టి వెళ్ళారు. ఆ రంగు కూడా వెలిసిపోయింది.

మొదటి రోజున మాస్టారు కూడా దిగాడు. తీగలు బిగించడమే ఒక యుద్ధమైంది. సూరిదేముడు తీగ బిగించే చెవి తిప్పగానే సన్నతీగ ఒకటి తెగి మాస్టారి చెంపకి తగిలింది.

"అయ్యా, అది వాల్వు కాదండీ! చంటిపిల్లాడి చెవి తిప్పినట్టు తిప్పాలి."

ఆ చేతులకి గట్టిగా తిప్పడమే తెలుసు. మెల్లగా పట్టుకోవడం కొత్త. తీగ మీద వేలు నొక్కితే బుర్రుమనేది. ఇంకా నొక్కితే వేలు కోసుకుపోయేది. ఒక చెయ్యి తన పని చేస్తుంటే రెండో చెయ్యి దాన్ని చూస్తూ నిలబడిపోయేది. సాయంత్రం అన్నం కలుపుకుంటే వేళ్ళ కొనలు భగ్గుమనేవి. అయినా సరే, మొదటిసారి ఒక తీగ ఠంగుమని నిండుగా పలికినప్పుడు ఆయన గోతిలో ఒక్కడూ కూర్చుని, "వొదిలీసినాను," అన్నాడు.

ఆ రాత్రి నూకరత్నం కంచం పెడుతూ చెప్పింది.

"మావా, ఇయాల సిత్రం ఇన్నావా? కుళాయి పాడినాది."

సూరిదేముడి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నీళ్ళొస్తాయేమోనని తిప్పి చూసినాను. నీళ్ళు నేవు. టింగూ టింగూ అంటన్నాది. వీదిలో అన్ని కుళాయిలూ అలగే. చిలకమ్మ పసుపు రాసి దండం ఎట్టింది."

బిరడా ఊడిన గొట్టం సంగతి ఆయనకి గుర్తొచ్చింది. నీళ్ళు లేని పైపు, ఊరంతా ఇంటింటికీ వెళ్ళే పైపు. ముద్ద మింగాడు.

"ఎవడోగానీ మావా, వొట్టి మొద్దు చెయ్యి. గేదె గడ్డి నవిలినట్టు కొడతన్నాడు. నీకన్నా అద్దానం."

"ఊఁ," అన్నాడు సూరిదేముడు.

భయమేసి ఒక పూట మానేశాడు. వేళ్ళు ఊరుకోలేదు. మర్నాడు మళ్ళీ దిగాడు. అప్పుడప్పుడే చేతులు ఒకదాని మాట ఒకటి వింటున్నాయి. గొట్టం నోట్లో గోనె గుడ్డ కుక్కి చూశాడు. గుడ్డ ఉన్నా కాస్త వెళ్తూనే ఉంది. నూకరత్నం రోజూ రాత్రి ఆ కుళాయిలోవాడిని తిడుతూనే ఉంది. కొన్నాళ్ళకి తిట్టడం తగ్గించింది. "పోన్లే, సేతులు కాస్త సాగినాయి," అంది. సూరిదేముడు ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆవిడ రాగాన్ని మాత్రం గోతిలో ఒక్కసారి కూడా మొత్తం వాయించలేదు. ముక్కలు ముక్కలుగా, ముక్కకీ ముక్కకీ వేరే ఏదో కలిపి సాధన చేశాడు. అది స్టేజీకని దాచుకున్నాడు. స్టేజీ మీద తీగలుండవన్న సంగతి ఆలోచించడానికి ఇంకా వ్యవధి ఉందనుకున్నాడు.

ఆఫీసుకి ఫిర్యాదులు వచ్చాయి. 'మా కుళాయిలో నీళ్ళకు బదులు గిటారు వచ్చుచున్నది, తగు చర్య తీసుకొనగలరు.' ఇంజనీరు భుజంగరావు గారు జీపులో ఊరంతా తిరిగి, కుళాయిలకు చెవి ఆనించి విని, నివేదిక ఇచ్చారు.

"సార్, మన సిబ్బంది రోజూ గిటారు వాయిస్తున్నారు. వాయిస్తే శబ్దం రావాలి. కానీ హాల్లో రావడం లేదు. అంటే ఏమిటి? ఉత్పత్తి అవుతోంది, వినియోగం కావడం లేదు. తీగలు లేని కారణంగా శబ్దానికి బయటికి వచ్చే మార్గం లేదు. అది నేలలోకి ఇంకి, పాత పైపుల్లోకి చేరుతోంది. సాంకేతికంగా చెప్పాలంటే ఇది లీకేజీ."

కమిషనరు గారు కుర్చీలోంచి లేచిపోయారు. "భుజంగరావు గారూ! అంటే మన సంగీతం పౌరుడి ఇంటి గుమ్మంలోకి పైపుల ద్వారా సరఫరా అవుతోందన్నమాట!"

"అవును సార్. వత్తిడి కూడా బాగానే ఉంది. నీళ్ళకన్నా మెరుగు."

దినోత్సవం కార్యక్రమం మారిపోయింది. వేదిక మీద ఊరి పైపుకి కలిపి ఒక ఇత్తడి కుళాయి బిగించారు, రిబ్బను చుట్టారు. ముఖ్య అతిథి కుళాయి తిప్పుతారు. సిబ్బంది తమ స్థానాల్లో వాయిస్తారు. వాళ్ళు వాయించింది కుళాయిలోంచి వస్తుంది. హాజరు కాని సిబ్బందికి పంపుహౌసు.

సూరిదేముడు సైకిలు కొట్టు ముందు మళ్ళీ నిలబడ్డాడు. ఈసారి మాస్టారే మాట్లాడాడు.

"విన్నాను. మీరు వేదిక మీదుంటే కుళాయి పలకదు. మీరు గోతిలో ఉంటే కుర్చీ ఖాళీ. ఒక పని చేద్దాం. నాకు దండ వేస్తామన్నారు గానీ, జ్వరమని చెప్పేస్తాను. గోతిలో నేను వాయిస్తాను. మీరు కుర్చీలో కూర్చోండి. అందరూ మీరే అనుకుంటారు."

చాలా మంచి ఉపాయం. సూరిదేముడు దాన్ని కాసేపు చూశాడు, మంచి కోడెని బేరం ఆడకుండా చూసినట్టు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"రత్నం నన్నడిగింది. మిమ్మల్ని కాదు."

దినోత్సవం నాడు నూకరత్నం పొద్దున్నే నేతచీర కట్టి, వీధి ఆడవాళ్ళని తోలుకుని వెళ్ళి ముందు వరస పట్టేసింది. "నడిమి కుర్సీ మా ఆయనది," అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. మధ్యాహ్నం సభ మొదలయ్యే వేళకి పాత సంత కూడలిలో సూరిదేముడు ఇటూ అటూ చూసి, గిటారు గోనెలో చుట్టి, కమ్మీలు పట్టుకుని దిగాడు. గొట్టం నోట్లోంచి గోనె గుడ్డ పీకేశాడు. గొట్టానికి దగ్గరగా ఒక ఇటిక మీద కూర్చున్నాడు.

కాసేపటికి గొట్టంలోంచి గాలి బుస్సుమంది. ఎవరో కుళాయి తిప్పారు. గాలి వెనకాలే మైదానం మొత్తం గోతిలోకి వచ్చింది. పిల్లల గోల, కుర్చీల చప్పుడు, మైకు కీచు. పైపు అటూ ఇటూ రెండు వైపులా వినిపిస్తుందని ఆయన అంతవరకూ అనుకోలేదు.

"...నగర చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగిన ఈ శుభ ఘడియలో..." కమిషనరు గారి గొంతు. చప్పట్లు. "సిబ్బందీ, వాయించండి!"

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సిబ్బంది వాయిస్తున్నారని సూరిదేముడికి తెలుసు.

"ఓలప్పా, మీ ఆయన మరీ నెమ్మదిగా కొడతన్నాడే," ఇది చిలకమ్మ. ముందు వరస కదా, దగ్గరగా వినబడింది. "పాట మాట అటుంచు, మనిసే అవుపడ్డం నేదు!"

ఆడవాళ్ళు నవ్వారు. నూకరత్నం గొంతు కోసం ఆయన చెవి రిక్కించాడు. అది రాలేదు. ఆవిడ గొంతు రాకపోవడం ఆయన ఎప్పుడూ వినలేదు.

సూరిదేముడు తీగ మీద చెయ్యి వేశాడు.

మొదటి స్వరం వణికింది. రెండోది నిలబడింది. తర్వాతవి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, చేటలో బియ్యం కదిలినట్టు. గొట్టం వాటిని పీల్చుకుని పైపుల్లోకి తీసుకుపోయింది. మైదానంలో గోల అణిగింది. పిల్లలు కూడా ఊరుకున్నారు. రాగం పైకి వెళ్ళింది, ఇంకా పైకి వెళ్ళింది, వెళ్ళి అక్కడ ఆగింది.

నూకరత్నం దగ్గర నేర్చుకున్న రాగం, ఆవిడ ఆగే చోట ఆగింది. ఆయనకి అది పాటలో భాగమే.

ఆ ఆగిన వ్యవధిలో తర్వాతి సంగతులు కొన్ని చెప్పేయవచ్చు. సంగీతం జరుగుతుండగా సంగీత వేదికపై లేనందుకు సూరిదేముడికి మెమో వచ్చింది. గోతిలో ఉన్నానని ఆయన నిజం చెప్పాడు, తీగలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కామేశం వాటిని తీసుకోనన్నాడు. స్టోర్సు తీగలు ఎప్పుడూ కొనలేదు, కొనని వస్తువును వాపసు తీసుకోవడానికి నిబంధన లేదు. కనుక అవి లేవు. తీగలు లేవు కనుక తప్పు జరగలేదు. కమిషనరు గారికి పెద్ద కితాబు వచ్చింది. ఆ లీకేజీని ఏ కారణం చేతనైనా మరమ్మతు చేయరాదని భుజంగరావు గారు ఉత్తర్వు తెచ్చారు. దానికి కాపలాగా మధ్యాహ్నం పూట గోతిలో ఒక బాధ్యత గల మనిషి ఉండాలన్నారు. గొయ్యి తెలిసినవాడు సూరిదేముడే కాబట్టి పంపుహౌసు బదిలీ రద్దు చేసి ఆయన్ని అక్కడే వేశారు. కాపలా సమయంలో ఎట్టి శబ్దమూ చేయరాదని షరతు పెట్టారు. కుళాయి ఇప్పటికీ రోజు విడిచి రోజే వస్తుంది. జనం మెట్ల మీదికి రావడం మానలేదు. కాకపోతే ఇప్పుడు పాట రాని రోజున కూడా వస్తున్నారు.

అవన్నీ తర్వాత. అప్పటికి గోతిలో మాత్రం సూరిదేముడు చెయ్యి తీగల మీద ఆపి కూర్చున్నాడు. పైన మైదానంలో ఊరంతా కుళాయి వైపు చూస్తోంది.

గొట్టంలో ఏదో అలికిడైంది. చెక్కల మీద అడుగుల చప్పుడు, గాజుల చప్పుడు.

"అమ్మా, అమ్మా! వేదిక ఎక్కరాదు! ఎవరండీ ఈవిడ? ముఖ్య అతిథి గారు ఉన్నారు..." అని కమిషనరు గారి గొంతు.

"ఉండు బావూ," అంది నూకరత్నం.

కుళాయి మీద చెయ్యి పడినట్టు గొట్టం గలగలమంది. ఊపిరి వినబడింది. తర్వాత ఆవిడ గొంతు, చెవిలో చెప్పినట్టు, గోతి నిండా వచ్చింది.

"రాయి తీసీసినాను, మావా. ఇంక కొట్టు."